నల్లని నేల, తెల్లని తీగ
కదలని బొమ్మలను వరుసగా, సాధారణంగా సెకనుకు 24 చొప్పున చూపి కంటికి కదలిక భ్రమ కలిగించే కళే యానిమేషన్ అయినా, కదలకముందే బొమ్మ తన ఆకారంతో మాట్లాడాలన్న దాని మూలసూత్రం బీదర్‌లో లోహపాత్రలపై వెండి పొదిగే బిద్రీ పనిలో తేటగా కనిపిస్తుంది. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రపై సన్నని ఉలితో గాడి తీసి, అందులో వెండి తీగను సుత్తితో కూరి, నవాసారం కలిపిన బీదర్ కోట మట్టితో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది.

యానిమేషన్ కళాకారిణి లోటే రైనిగర్ నల్ల అట్టను కత్తిరించి, కీళ్లను తీగతో బిగించి 1926లో జర్మనీలో విడుదల చేసిన ‘ప్రిన్స్ అక్మెద్ సాహసాలు’ అనే నీడబొమ్మల చిత్రం దీనికి సరిగ్గా తలకిందులు: అక్కడ వెలుగే నేల, నలుపే బొమ్మ. ముఖకవళికలకు దాదాపు తావులేని ఆ నీడబొమ్మలో మెడ వాలు, వేళ్ల వంపులే నటన. తోలుబొమ్మలాట ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త కాకపోయినా, నేటి ప్రేక్షకుడు కంప్యూటరు మెరుపును మెచ్చుకున్నంత సులువుగా ఆకారాన్ని మెచ్చుకోడు. ఆ ఆకారాన్ని ఆస్వాదించాలంటే, లోపల బొమ్మల వరుస అతికించిన డబ్బాను తిప్పి, చీలికల గుండా చూసే జోయిట్రోప్ అనే పాత ఆటవస్తువులాగే, బిద్రీ హుక్కా బుడ్డిని కూడా తిప్పుతూ చూడాలి. అప్పుడు దాని చుట్టూ వెండి లత మెల్లగా పాకుతున్నట్టే ఉంటుంది.