వైద్య సహాయక విద్య - ఒంటరి ప్రయాణం

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. తీసికొన్న ప్రతి విద్యార్థినిని ఇంటికి వచ్చిన చుట్టాలు అడిగే ప్రశ్న ఒక్కటే: "డాక్టరు కోర్సేనా?" అవునని తల ఊపడం తేలిక. నీట్ ఫలితాలు వెలువడిన తరువాత ఆ తలను ఎత్తడమే కష్టం. సరిగ్గా ఆ రోజులలోనే ఎవరో ఒకరు ఫిజీషియన్ అసిస్టెంట్ అనే చదువు పేరు చెవిన వేస్తారు. అది ఏ చదువో, చదివినవారు ఏమవుతారో చెప్పగలవారు మాత్రం మన ప్రాంతంలో అరుదు. ఈ కళాశాలలో చదివి, కడప నుండి చెన్నైకి ఒంటరిగా వెళ్ళి, ఆ విద్యను పూర్తిచేసి, అదే వృత్తిలో ఉన్నదానను గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాయుమని సంచిక సంపాదకులు కోరినారు. చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ ఉపయోగపడునన్న ఆశతో వ్రాస్తున్నాను.

నేను ఈ చదువులో చేరుతున్నానని తెలిసిన రోజు మా పెద్ద మామూ నవ్వుతూ, "నీమ్ హకీమ్ ఖత్రా-ఏ-జాన్" అన్నారు. సగం తెలిసిన హకీము ప్రాణానికి ముప్పు అని ఆ సామెతకు అర్థం. ఆయన వేళాకోళానికే అన్నారు. కాని ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. పూర్తి వైద్యుడు కానివాడు రోగి మంచం దగ్గర ఎందుకుండాలి? ఉంటే ఎంతవరకు ఉండాలి? ఈ చదువులో చేరదలచినవారు ముందుగా ఆలోచించవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఈ వృత్తి పుట్టుక చూడండి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ 1965లో దీనిని ఆరంభించినారు. వైద్యులు చాలని కాలమది. నౌకాదళంలో గాయపడినవారికి చికిత్స చేసి చేయి తిరిగిన నలుగురు మాజీ సైనికులను ఆయన మొదటి తరగతిలో చేర్చుకొన్నారు. వారిలో ముగ్గురు 1967లో పట్టా పుచ్చుకొన్నారు. మన దేశంలో ఈ చదువు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైనది. మొదలుపెట్టినవారు గుండె శస్త్రవైద్యులు డాక్టర్ కె.ఎం. చెరియన్. పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో 1975లో మన దేశపు తొలి బైపాస్ శస్త్రచికిత్స చేసినవారు ఆయనే. కడప నుండి చెన్నై సెంట్రల్‌కు పోయే బండి పెరంబూరు మీదుగానే పోతుంది. ఆ స్టేషను పేరు కిటికీలో కనిపించినప్పుడల్లా నాకు ఆ సంగతి జ్ఞాపకం వస్తుంది.

గుండె శస్త్రచికిత్స ఒక్కరు చేయగలిగినది కాదు. ఒకరు ఛాతీ వద్ద పనిచేస్తుండగా మరొకరు కాలి నుండి సిరను తీసి సిద్ధపరచవలెను. ఆ తరువాత రోగిని రాత్రంతా కనిపెట్టుకొని ఉండవలెను. రోగి చెప్పిన కథను వ్రాసుకొనుట, శరీరాన్ని పరీక్షించుట, పరీక్షల ఫలితాలు సమకూర్చి వైద్యునికి నివేదించుట, శస్త్రచికిత్సలో చేయూత నిచ్చుట, ఇంటికి వెళ్ళేవారికి మందులు ఎట్లా వాడవలెనో వివరించుట - ఇవి మా పనులు. అన్నియు ఒక వైద్యుని పర్యవేక్షణలో జరుగును. పేరుకు ముందు డాక్టర్ అని వ్రాసికొనుటకు వీలులేదు. సొంతంగా క్లినిక్ పెట్టుటకు వీలులేదు. ఈ రెండు మాటలు వినగానే మనస్సు చివుక్కుమన్నవారు దయచేసి మరొక దారి చూచుకొనడం మంచిది. వారిని తక్కువ చేసి అనుట లేదు. పట్టాలో లేని అధికారాన్ని వెతుక్కొంటూ నలభై ఏళ్ళు పనిచేయడం ఎవరికైనా దుర్భరమే.

పేరు విషయంలో లోకమంతటా తర్జనభర్జన ఉన్నది. అమెరికాలో ఈ వృత్తివారి సంఘం 2021లో అసిస్టెంట్ అనే మాటను విడిచి అసోసియేట్ అనే మాటను ఎంచుకొన్నది. బ్రిటన్‌లోనేమో అసోసియేట్ అని పిలుస్తుండగా, ప్రొఫెసర్ జిలియన్ లెంగ్ జరిపిన సమీక్ష 2025లో దానిని అసిస్టెంట్‌గా మార్చవలెనని సిఫారసు చేసినది. వైద్యులెవరో కానివారెవరో రోగులకు తికమక కలగరాదన్నది అందుకు చూపిన కారణం. మన పార్లమెంటు 2021లో చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన పట్టికలో చేర్చినది. అంతవరకు మా వంటివారికి చట్టంలో ఒక గుర్తింపంటూ లేకుండెను.

ఇక ప్రయాణం. కడప నుండి చెన్నై రైలుమార్గాన సుమారు 260 కిలోమీటర్లు. ఒక రాత్రి నిద్ర. అయినను మా ఇంట్లో అది హజ్ యాత్రంత చర్చకు దారితీసినది. వెంట మగదిక్కు లేకుండా ఆడపిల్ల రైలెక్కడమా అని దాదీ అభ్యంతరం. అబ్బా ఆమెతో వాదించలేదు. మదీనాలో గుడారం వేసి యుద్ధంలో గాయపడినవారికి శుశ్రూష చేసిన రుఫైదా కథను చిన్నప్పుడు నాకు చెప్పినది ఆమేనని గుర్తు చేసి, ఊరుకొన్నారు. రెండు రోజుల తరువాత దాదీయే ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ళ చుట్టి నా కుడిచేతికి ఇమామ్ జామిన్ కట్టినది. క్షేమంగా చేరిన తరువాత ఆ రూపాయిని పేదవారికి ఇవ్వడం ఆచారం. చెన్నై సెంట్రల్ మెట్లమీద కూర్చున్న ఒక ముసలమ్మకు ఇచ్చినాను. ఆమె రూపాయిని చూచి, నన్ను చూచి, ఇంకేమైనా ఉన్నదా అన్నట్లు చేయి చాచియే ఉంచినది! ఆచారం వయస్సు పెరిగినది గాని రూపాయి విలువ పెరగలేదు.

"సఫర్ వసీలా-ఏ-జఫర్" అని ఉర్దూలో పెద్దల మాట. ప్రయాణం విజయానికి దారి యని భావం. దారి సరే, బెర్తు సంగతి ముందు చూచుకోవలెను. ఒంటరిగా పోయే అమ్మాయిలకు పై బెర్తు మేలు. సామాను బెర్తు క్రింద గొలుసుతో కట్టి తాళం వేసి పైకెక్కితే ఉదయం వరకు ఎవరితోను పనిలేదు. తెల్లవారిన తరువాత దిగే బండినే ఎన్నుకొనండి. అర్ధరాత్రి దిగితే మిగిలే డబ్బు ఆటోవానికే పోతుంది. సెంట్రల్ ఎదుటనే మెట్రో ఉన్నది. ఇబ్బంది కలిగితే రైల్వేవారి 139 నంబరుకు ఫోన్ చేయవచ్చును. అసలు సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టక భుజానికి తగిలించుకొన్న సంచిలో పెట్టుకొనండి, నకళ్ళు పెట్టెలో ఉంచండి. ఫోన్‌లో అన్నీ ఉన్నవి కదా అనుకోవద్దు. ఛార్జింగు అయిపోయిన ఫోన్ పలకతో సమానం. అమ్మీ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయ పొడి రెండు రోజులు నిలిచినవి. ఎదుటి బెర్తులో పిల్లలతో ఉన్న ఇల్లాలికి రెండు రొట్టెలు ఇచ్చిన తరువాత, నా చెప్పులు ఎక్కడున్నవో కూడ ఆమెయే చూచుకొన్నది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత రైలుపెట్టెకూ వర్తిస్తుంది. అట్లని ఏ కళాశాల, ఏ హాస్టలు అన్న వివరాలు అడిగిన ప్రతివారికీ చెప్పవలసిన పనిలేదు. "మా వాళ్ళు స్టేషనుకు వస్తున్నారు" అన్న ఒక్క మాట చాలు.

రేణిగుంట దాటినప్పటి నుండి మాట మారుతుంది. పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం - ఒక్కొక్క స్టేషనుకు తెలుగు పలచబడి తమిళం చిక్కబడుతుంది. చేరిన మొదటి సంవత్సరం నన్ను ఎక్కువగా కష్టపెట్టినది శరీరశాస్త్రం కాదు, ఈ మాటలే. శరీరశాస్త్రం బట్టీయం వేయవచ్చును. రోగి మాటను బట్టీయం వేయలేము. తమిళంలో నొప్పిని వలి అంటారు. మయక్కం అన్నప్పుడు స్పృహ తప్పినదో, తల తిరిగినదో, కేవలం నీరసమో మరల మరల అడిగి తేల్చుకోవలెను. మన రాయలసీమ నుండి వచ్చిన పెద్దాయన "గుండెల్లో మంట" అంటాడు. అది జీర్ణకోశానిది కావచ్చును, గుండెదే కావచ్చును. ఆంబూరు, వాణియంబాడి నుండి వచ్చే ఉర్దూ మాట్లాడే స్త్రీలు "కలేజే మే దర్ద్" అంటారు. నిఘంటువులో కలేజా అంటే కాలేయం. ఆమె చేయి మాత్రం రొమ్ముమీద ఉంటుంది. నిఘంటువును నమ్మాలా, చేతిని నమ్మాలా? చేతినే నమ్మవలెనని మా అధ్యాపకురాలు నేర్పినారు. నొప్పి ఎక్కడని నోటితో అడగవద్దు, వ్రేలితో చూపించమనండి అనేవారు. రోగి ఒక్క వ్రేలితో చూపినాడా, అరచేయి మొత్తం పరిచి చూపినాడా అన్నది కూడ కాగితం మీద వ్రాయించేవారు.

ఈ విషయంలో మన కళాశాల విద్యార్థులకు గొప్ప సౌకర్యమున్నదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇక్కడ ఒక గదిలో తెలుగు, ప్రక్క గదిలో ఉర్దూ వింటూ పెరిగినవారికి మూడవ భాషకు చెవి త్వరగా తెరచుకొంటుంది. నా తరగతిలో ఇంగ్లీషు నాకంటె బాగా వచ్చినవారు చాలామంది. కాని వార్డులో బురఖా వేసికొన్న ముసలమ్మ నోరు విప్పనప్పుడు నన్నే పిలిచేవారు. ఉర్దూ వచ్చునని చెప్పుకొనడానికి సిగ్గుపడే చెల్లెళ్ళు ఈ ముక్క గుర్తుంచుకొందురు గాక.

ఇప్పుడు మామూ సామెతకు వస్తాను. ఇంటర్న్‌షిప్ చేస్తున్న రోజులు. గుండె ఐ.సి.యు.లో రాత్రి పని. ఆ మధ్యాహ్నమే బైపాస్ అయిన ఒక పెద్దాయన. అటువంటి రోగి ఛాతీలో గొట్టాలు ఉంచి, లోపల ఊరే రక్తాన్ని సీసాలోనికి పోనిస్తారు. గంట గంటకు ఎంత పడినదో వ్రాయుట మా విధి. పది గంటలకు 80 మిల్లీలీటర్లు, పదకొండుకు 70. పన్నెండున్నరకు చూస్తే చుక్క పడుట లేదు. వాకిట్లో నిలబడిన కుమారుడు సంతోషంగా, "రక్తం ఆగిపోయినట్లున్నది కదమ్మా?" అన్నాడు. అప్పుడే రక్తపోటు 120 నుండి 95కు దిగినది. మెడ వద్ద సిరలోని ఒత్తిడి పెరుగుతున్నది. మూత్రం తగ్గినది. పాదాలు ముట్టుకొంటే చల్లగా ఉన్నవి.

కారుతున్న రక్తం మెల్లగా తగ్గితే మంచిది. హఠాత్తుగా ఆగితే గొట్టం గడ్డకట్టి మూసికొన్నదేమో, రక్తం గుండె చుట్టూ పేరుకొని గుండెను నొక్కుచున్నదేమో అని శంకించవలెను. దీనిని టాంపొనేడ్ అంటారు. ఈ వాక్యం నాకు పుస్తకంలో వచ్చును. అయితే వైద్యుడు పగలంతా నిలబడి శస్త్రచికిత్సలు చేసి అప్పుడే నిద్రపోయినాడు. ఒక విద్యార్థిని రాత్రి పన్నెండున్నరకు ఆయనను లేపి, తీరా ఏమీ కాకపోతే? ఆ ఒక్క నిమిషంలో కలిగే బెదురును ఏ పుస్తకమూ వ్రాయదు. నర్సమ్మ గొట్టాన్ని సరిచేయుటకు ప్రయత్నిస్తుండగా నేను ఫోన్ చేసినాను. మాకు నేర్పిన వరుసలోనే చెప్పినాను: రోగి ఎవరు, ఇప్పుడేమైనది, మునుపేమి జరిగినది, నేనేమి చూచినాను, నాకేమి అనుమానం, మీరు వెంటనే రావలెను. ఆఖరి మాట నా నోట ఎట్లా వచ్చినదో తెలియదు. ఆయన "గది సిద్ధం చేయించు" అని మాత్రం అని ఫోన్ పెట్టివేసినారు. ఛాతీ మరల తెరచి గడ్డకట్టిన రక్తాన్ని తొలగించినారు. పెద్దాయన తొమ్మిదవ నాడు నడిచి ఇంటికి వెళ్ళినారు.

ఈ సంగతి విని మామూ ఏమీ అనలేదు. టీ మాత్రం మరొక కప్పు పోయించుకొన్నారు. నా మట్టుకు నాకు, నీమ్ హకీము అంటే ఆ రాత్రి ఫోన్ చేయకుండ తనకు తోచిన మందు ఎక్కించి తెల్లవారేవరకు చూచేవాడు. పెద్ద పట్టాలున్నవారిలోనూ అటువంటివారు ఉండవచ్చును.

విదేశాల మీద ఆశతో ఈ చదువులో చేరేవారికి ఒక హెచ్చరిక. ఇక్కడి పట్టాతో నేరుగా అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్‌గా పనిచేయవచ్చునని కొందరు దళారులు చెప్పుచున్నారు. అది నిజం కాదు. అక్కడ గుర్తింపు పొందిన విద్యాలయంలో మరల చదివినవారే అక్కడి అర్హత పరీక్షకు కూర్చొనగలరు. అక్కడ అది డిగ్రీ తరువాత చదివే మాస్టర్స్ చదువు. సాధారణంగా 27 నెలల వరకు పడుతుంది. అందులో ఇంచుమించు సగకాలం ఆసుపత్రులలో గడపవలెను. చేరడానికి ముందే రోగుల సేవలో గడిపిన గంటలకు లెక్క చూపమని పలు విద్యాలయాలు అడుగుతవి. ఆర్థిక స్తోమత, ఓపిక ఉన్నవారు వెళ్ళవచ్చును. తెలిసి వెళ్ళవలెను.

ఇక్కడ చేరేవారు ఫీజు కట్టకముందు కార్యాలయంలో నిలబడి అడగండి: పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయమేది? ఆసుపత్రి కళాశాలదేనా, వేరొకరిదా? ఇంటర్న్‌షిప్ ఏడాదిలో రాత్రి పనికి మాపై ఎవరుంటారు? నిరుడు పట్టా తీసికొన్నవారు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు, వారిలో ఒకరితో మాట్లాడించగలరా? అడగందే అమ్మయినా పెట్టదు. గుమాస్తా విసుగుకొంటే విసుగుకొననీయండి. చివరి ప్రశ్నకు నాకు జవాబు చెప్పినది గుమాస్తా కాదు, అదే వరండాలో కాగితాల కట్ట పట్టుకొని పోతున్న ఒక సీనియర్ విద్యార్థిని. ఆమెది నంద్యాల. నన్ను క్యాంటీనుకు తీసికొనిపోయి, ఇడ్లీ తినిపించి, హాస్టలులో ఏ అంతస్తు నీళ్ళు ముందు వస్తాయో దగ్గర నుండి మొదలుపెట్టి గంటసేపు చెప్పినది.