మర్లవాయి గుస్సాడీలు

దీపావళి ఇంకా రెండు మూడు రోజులుందనగా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా మర్లవాయి చేరాను. రాజగోండుల ఊరు. దండారీ పండుగ సాగుతోంది. మాది మన్యంలోని పెదబయలు వైపు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు పోవడం, ఆడవాళ్లు దారి కాసి వచ్చేపోయేవాళ్లను పైకం అడగడం చూస్తూ పెరిగినదాన్ని. పండుగ రోజుల్లో ఊరు వేరే కట్టుబాట్లలో బతుకుతుందని తెలుసు. ఇక్కడ ఆ కట్టుబాటు మనిషి ఒంటి మీదికే వచ్చింది.

వసారాలో, దండారీలో ఆడే గుస్సాడీ వేషం దిద్దుకుంటున్నారు. ఒంటినిండా బూడిద, మసి. ముఖం కనబడకుండా మేకవెంట్రుకల గడ్డం మీసాలు. భుజాన తోలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. తలమీద కొమ్ములు బిగించిన నెమలీకల టోపీ. దాన్ని పూజ చేశాకే బయటికి తీస్తారు. దీక్ష ముగిసేదాకా గుస్సాడీ స్నానం చేయడు. డప్పు, తుడుం మోగగానే అతను ఏత్మాసూర్ దేవుడు. వయసులో పెద్దవాళ్లూ మొక్కుతున్నారు. నలతగా ఉన్నవాళ్లు ఆ కర్ర తాకించుకుంటున్నారు. పక్కనే చీరలు కట్టిన మగపిల్లలు, పోరికలు, ఆడుతున్నారు.

తూర్పు ఆఫ్రికాలో టాంజానియా, మొజాంబిక్‌లలో ఉండే మకొండే జనం మాపికో ముసుగు గుర్తొచ్చింది. తేలికపాటి చెక్కను తొలిచి, తలంతా దిగేలా ముఖం చెక్కుతారు. మనిషి వెంట్రుకలే మైనంతో అతికిస్తారు. యుక్తవయసు దీక్ష ముగించుకుని పిల్లలు ఊళ్లోకి వచ్చే వేడుకలో అది తొడిగి ఆడతారు. లోపలున్నది మనిషేనన్న సంగతి దీక్షలోనే మగపిల్లలకు తెలుస్తుంది. ఆడవాళ్లకు, దీక్ష పొందనివాళ్లకు అది చెప్పకూడదు.

మర్లవాయిలో దాపరికం లేదు. "దాదా, టోపీ కింద ఎవరో అందరికీ తెలుసు కదా?" అని ఒక పెద్దాయన్ని అడిగాను. "తెలుసు. మా అన్న కొడుకే. మొక్కేది వాడికి కాదు" అన్నాడు. అక్కడ రహస్యం చేసే పనిని ఇక్కడ నియమం చేస్తోంది.

ఈ ఊరి కనకరాజు గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకెళ్లి, కుర్రకారుకు నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. ఇప్పుడు సభల్లో స్వాగతాలకూ గుస్సాడీలను నిలబెడుతున్నారు. కళాకారులకు నాలుగు డబ్బులు రావడం మంచిదే. కానీ అడుగులు నేర్పినంత శ్రద్ధగా దీక్షనూ నేర్పాలి. అది పోయిననాడు ఆ టోపీకి మొక్కేవాళ్లుండరు, ఫొటో తీసుకునేవాళ్లే ఉంటారు.