ఇత్తడి పిన్ను: నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వరకు

తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల కొండలు. నడుమ నల్లరేగడి నేలల మీదుగా పెన్నలో కలవడానికి దక్షిణంగా సాగే కుందూ నది. ఈ లోయలోనే నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు సుమారు 40 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లాకేంద్రమయింది. ఆళ్లగడ్డ ఆ జిల్లాలోనిదే. పెళ్లిళ్లకు, పరామర్శలకు, పండుగలకు ఈ దారిలో మేము ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. ఈసారి మాత్రం ఒక తప్పును దిద్దుకోవడానికి బయలుదేరాము.

మా మేనల్లుడు కువైట్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆళ్లగడ్డకు చేరువలో ఒక చేపల చెరువును కౌలుకు తీసుకొని బొచ్చె, రోహు పెంచుతున్నాడు. రోజూ చెరువంతా తిరిగి మేత చల్లాలి, వలలు చూసుకోవాలి, నాచు తీయాలి. మన నదులలో తిరిగే పుట్టిలో ఒక చేయి ఎప్పుడూ తెడ్డుకే అంకితం. తెడ్డు ఆపితే పుట్టి తనచుట్టూ తానే తిరుగుతుంది. అందుకని అతడు హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన, కాళ్లతో తొక్కే కయాక్ పడవను తక్కువ ధరకు కొన్నాడు. సైకిలు తొక్కినట్లు తొక్కితే అడుగున ఉన్న పంకా తిరిగి పడవ ముందుకు సాగుతుంది. రెండు చేతులూ మేత చల్లడానికి ఖాళీగా ఉంటాయి.

గత రంజాను పండుగకు మేము అక్కడికి వెళ్లినప్పుడు ఆ పంకా ఇరుసులోని సన్నని పిన్ను ఒకటి విరిగింది. అది ఇత్తడిది. మా శ్రీమతి దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసి, “ఇంత పెద్ద యంత్రంలో ఇంత మెత్తని పిన్ను ఎందుకు పెట్టారో?” అని అడిగింది. మేము ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. ఇంట్లో దొరికిన ఇనుప మేకును కోసి బిగించి, “ఇక జన్మలో విరగదు” అని మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాము.

నిజంగానే ఆ మేకు విరగలేదు. కొన్ని వారాల తరువాత చెరువు నడుమ పంకాకు వల తాడు చుట్టుకుంది. పంకా ఆగిపోయింది, కాళ్లు మాత్రం తొక్కుతూనే ఉన్నాయి. మేకు చెక్కుచెదరలేదు, దానికి బదులు పెడళ్ల దగ్గరి గేరు పళ్లు రెండు ఊడిపోయాయి. ఆ కుదుపుకు బేరింగులు వదులయ్యాయి. తెడ్డు లేని పడవను చేతులతో నెట్టుకుంటూ ఒడ్డుకు చేర్చేటప్పుడు అడుగు రాతికి తగిలి చీలింది. కొత్త గేరుపెట్టె ధర అడిగితే, అతడు పడవ కొన్న ధర కంటే ఎక్కువ చెప్పారు. అప్పు ఇస్తామన్నవారు వడ్డీకి ఇస్తామన్నారు. “వడ్డీ సొమ్ముతో చెరువులోకి దిగను మామూ, చెరువే వదులుకుంటాను” అన్నాడు మేనల్లుడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. విరగాల్సిన దాన్ని విరగకుండా చేసింది మేమే కదా!

అందుకని పడవను ట్రాలీ ఆటోలో నంద్యాలకు తెప్పించాము. మొదటి రోజంతా నంద్యాల బజారులోనే గడిచింది. గాంధీ చౌక్ పరిసరాలలో తిరుగుతూ మేము నేర్చుకున్నవి పాఠకులకూ ఉపయోగపడవచ్చు. పడవ లేని ఇంట్లో కూడా కూలరు, నీళ్ల ట్యాంకు, మిక్సీ ఉంటాయి.

మొదటిది పడవ అడుగు. మేనల్లుడు చీలికకు మైనపు ముద్దలాంటి అతుకు మందు పూశాడు. అది రెండు రోజులకే పెచ్చుగా ఊడింది. ఇలాంటి పడవలు చాలావరకు పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌తో చేసినవి. దానికి ఏ జిగురూ గట్టిగా పట్టదు. దాన్ని కరిగించి అతకాలి. కుర్చీలు, డబ్బాలు, కార్ల బంపర్లు అతికే దుకాణంలోని యువకుడు పడవ లోపలి అంచు నుంచి పనికిరాని చిన్న ముక్కను కోసి నీళ్లలో వేశాడు. అది తేలింది. “తేలితే పాలిథిన్, మునిగితే పైపుల ప్లాస్టిక్. జాతి కలిస్తేనే అతుకుతుంది సార్” అన్నాడు. ఆ ముక్కనే సన్నని పట్టీగా కోసి, చీలిక రెండు కొనల వద్ద చిన్న రంధ్రాలు చేసి, వేడిగాలితో పట్టీని, పడవను ఒకేసారి మెత్తబరచి కలిపాడు. కొనల వద్ద రంధ్రాలు ఎందుకన్నాము. చీలిక అక్కడితో ఆగిపోతుందట. లేకపోతే అతుకు పక్కనుంచి మళ్లీ పాకుతుందట. తరువాత పడవను రెండు బల్లల మీద ఎత్తి లోపల నీళ్లు పోసి చూశాము. అతుకు నుంచి చుక్క కూడా కారలేదు. నీళ్లు వదిలే బిరడా దగ్గర మాత్రం కొంచెం ఊట కనిపించింది. మా శ్రీమతి పాత సైకిలు ట్యూబు నుంచి ఒక వాషరు కత్తిరించి తొడిగింది. దానితో ఊట ఆగింది, ఖర్చూ లేదు.

రెండవది బేరింగులు. పడవల సామాను నంద్యాలలో ఎక్కడ దొరుకుతుందని దిగులుపడుతూ ఒక పాత సైకిలు దుకాణానికి వెళ్లాము. అక్కడి పెద్దాయన తుప్పు తుడిచి బేరింగు అంచు మీది అంకెలు చూపించాడు: 6202. “ఇది పడవకు పుట్టలేదు భాయ్‌సాబ్, ఫ్యానుకూ పుట్టలేదు. నంబరు ఒకటైతే బేరింగు ఒకటే” అన్నాడు. ఆ నంబరు గలది ఎవరు తయారుచేసినా లోపలి రంధ్రం 15, బయటి కొలత 35, మందం 11 మిల్లీమీటర్లే ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త చెప్పాడు. అంకెల పక్కన రెండు జెడ్ అక్షరాలుంటే దానికి రెండువైపులా రేకు మూత. అది దుమ్మును ఆపుతుంది, నీటిని ఆపదు. ఆర్‌ఎస్ అన్న అక్షరాలుంటే రబ్బరు మూత. నీటి పనికి అదే తీసుకోవాలి. జత 220 రూపాయలకు వచ్చింది.

ఇక మిగిలింది గేరు. అది నంద్యాలలో దొరకలేదు. మరునాడు ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆళ్లగడ్డ దారి పట్టాము; ముందు ట్రాలీలో పడవ, వెనుక స్కూటరు మీద మేమిద్దరం. నల్లమల అంచు ఎర్రబారుతోంది. రోడ్డుకు ఇరువైపులా శనగ చేలు మంచులో తడిసి ఉన్నాయి. బోర్లించి కట్టిన పడవను చూసి టీ బంకుల దగ్గర జనం, “వరద వస్తుందా ఏమిటి?” అని నవ్వారు.

ఈ సీమలో పడవ కనిపిస్తే నవ్వు రావడం నేటి సంగతి. ఒకప్పుడు ఇక్కడ పడవల కోసమే ఒక మహాప్రయత్నం జరిగింది. కర్నూలు-కడప కాలువను 1860లలో ఒక ఆంగ్ల కంపెనీ తవ్వించింది. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా పొలాలకు నీళ్లు, సరకులకు పడవలు, రెండూ ఆ ఒక్క కాలువతోనే సాధించాలని సంకల్పించి, పడవలు ఎక్కి దిగడానికి లాకులు కూడా కట్టారు. ఆదాయం ఆశించినంత రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనవలసి వచ్చింది. కాలక్రమంలో పడవలు కనుమరుగయ్యాయి, పొలాలకు నీళ్లు మిగిలాయి. కాలువ ఒక పనికి ఓడి, మరొక పనికి నిలిచింది. కే.సీ. కాలువ నీటితో పండిన బియ్యం తింటున్నవారెవరూ దాన్ని వృథా అనరు.

ఆళ్లగడ్డ చేరగానే రాతి మీద ఉలి మోతలు వినిపించాయి. రాతి చెక్కడానికి ఈ పట్టణం ప్రసిద్ధి. ఇప్పుడు ఉలితో పాటు కరెంటు గ్రైండర్లు కూడా పనిచేస్తున్నాయి. ఒక పనిపాక దగ్గర ఆగి మంచినీళ్లు అడిగాము. మూలన కాలిపోయిన గ్రైండర్లు గుట్టగా పడి ఉన్నాయి. మేనల్లుడు వాటినే చూస్తూ నిలబడ్డాడు. గ్రైండరులో మోటారు ఒకవైపు, బిళ్ల మరొకవైపు లంబకోణంలో తిరుగుతాయి. ఆ మలుపు తిప్పేవి రెండు ఉక్కు గేర్లు. పెడళ్ల తిప్పుడును కిందికి దిగే ఇరుసుకు మళ్లించే గేర్లు చేసే పని కూడా అదే! మోటారు కాలిపోయినా గేర్లు సాధారణంగా బాగానే ఉంటాయి.

శిల్పకారుడు విషయం విని పెద్ద గ్రైండరు ఒకటి ఏరి ఇచ్చాడు. “రాతిపొడి తిన్న గేరు ఇది. కిరసనాయిలులో కడిగి కొత్త గ్రీజు పెట్టకుండా తిప్పవద్దు” అని హెచ్చరించాడు. పాత ఇనుము ధరకు 200 రూపాయలు తీసుకున్నాడు. గ్రైండరులో చిన్న గేరు చాలాసార్లు తిరిగితే పెద్దది ఒకసారి తిరుగుతుంది. మేము దాన్ని తిరగవేశాము: పెడళ్లు పెద్ద గేరుకు, ఇరుసు చిన్నదానికి. అందువల్ల ఒక్క తొక్కుకు పంకా చాలాసార్లు తిరుగుతుంది. కాలికి బరువు కూడా ఆ మేరకు పెరుగుతుంది. నెమ్మదిగా తొక్కాలి. చేపల చెరువులో తొందర ఎవరికి?

లేతు పనివాడు రెండు ఇరుసులను కలిపే గొట్టాన్ని తిప్పుతూ, అడ్డంగా వేసిన రంధ్రంలోకి ఉక్కు పిన్ను తీసుకున్నాడు. ఈసారి మేము ఊరకుండలేదు. 4 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ తెప్పించి ఏడు పిన్నులు కోయించాము. “ఇత్తడి విరుగుతుంది కదండీ” అన్నాడతడు. “విరగడానికే పెడుతున్నాము” అన్నది మా శ్రీమతి.

జుహ్ర్ నమాజు తరువాత మసీదు వరండాలో కూర్చున్నప్పుడు కహఫ్ సూరాలోని పడవ గుర్తుకు వచ్చింది. సముద్రం మీద కష్టపడి బ్రతికే పేదల పడవకు మూసా (అ)తో ప్రయాణిస్తున్న ఆ జ్ఞాని లోపం కలిగిస్తాడు. మూసా (అ) ఆశ్చర్యపోతారు. బాగున్న ప్రతి పడవనూ బలవంతంగా లాక్కునే రాజు ఒకడు ఉన్నాడని, ఆ చిన్న లోపమే పేదల జీవనాధారాన్ని కాపాడిందని తరువాత తెలుస్తుంది. ఎన్నో శుక్రవారాలు చదివిన ఘట్టమది. చిన్న నష్టం పెద్ద నష్టానికి అడ్డు నిలుస్తుందని ఇనుప మేకు బిగించిన రోజున మాకు తోచలేదు.

మొత్తం లెక్క చూస్తే బేరింగులు 220, గ్రైండరు 200, లేతు కూలి 250, అతుకు 150, గ్రీజు 60, ఇత్తడి కడ్డీ 50, వెరసి 930 రూపాయలు. ఒక్క విషయంలో మాత్రం పొదుపు చేయలేదు. పాత లైఫ్ జాకెట్టు పట్టీలు చివికిపోయాయి. దానికి అతుకులు వేయకుండా కొత్తది కొన్నాము. ఆ ఖర్చు ఈ లెక్కలో లేదు. విరిగితే పనిని మాత్రమే ఆపేదాన్ని చవకగా బాగుచేసుకోవచ్చు. విరిగితే ప్రాణం తీసేదాన్ని అలా చేయకూడదు. పడవ సిద్ధమైంది కదా అని పారే కాలువలో దించడం కూడా అలాంటి సాహసమే. మా పరీక్ష అంతా చెరువు ఒడ్డున, మోకాలి లోతు నీళ్లలోనే జరిగింది.

అస్ర్ వేళకు పడవ నీటిని తాకింది. మేనల్లుడు “బిస్మిల్లాహ్” అంటూ తొక్కాడు. పంకా తిరిగింది, పడవ కదిలింది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. అతడు మాత్రం వెనక్కి వచ్చి, “మామూ, అసలు పరీక్ష ఇప్పుడు” అంటూ నీటి అడుగున పంకాకు ఒక వెదురుకర్ర అడ్డం పెట్టించి గట్టిగా తొక్కాడు. ‘టక్’ మని చిన్న చప్పుడు. పెడళ్లు ఒక్కసారిగా తేలికయ్యాయి. పిన్ను విరిగింది.

గేరుపెట్టె విప్పి చూశాము. పళ్లన్నీ క్షేమంగా ఉన్నాయి. “అల్‌హందులిల్లాహ్!” అన్నాము అందరమూ. ఒక వస్తువు విరిగినందుకు ఇంత సంతోషించిన కుటుంబాన్ని ఆ చెరువుగట్టు అంతకుముందు చూసి ఉండదు. అతడు కొన్ని నిమిషాలలో రెండవ పిన్ను బిగించి, మిగిలిన ఐదింటినీ ఖాళీ మందుల డబ్బీలో వేసి సీటు కింద తాడుతో కట్టుకున్నాడు. మేత బుట్టను ఒడిలో పెట్టుకొని చెరువు నడిమికి సాగాడు. అతడి రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.