నీలం నీళ్లలో మేత తక్కువ

అండమాన్‌లోని హావ్‌లాక్‌కి (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) వచ్చే టూరిస్టులు అడుగున ఇసుక కనిపించే నీళ్లు చూసి మురిసిపోతారు. గేలం వేసేవాడికి ఆ తేటదనం అంత ముచ్చటేం కాదు. నీరు అంత తేటగా ఉందంటే అందులో కంటికి ఆనని నాచు తక్కువని లెక్క. ఎండని తిండిగా మార్చేది ముఖ్యంగా ఆ నాచే. నడిసముద్రంలో ఎండకేం కరువు లేదు. పైన పరుచుకున్న వెచ్చటి నీళ్లు అడుగునున్న పోషకాలని పైకి రానివ్వవు, అదీ కష్టం.

అందుకే ఎరకోసం మేం పోయేది మడ అడవుల పాయల్లోకి. ఇక్కడ ఏ భాషవాళ్లైనా దాన్ని ఖాడీ అనే అంటారు. మడ ఆకు రాలి, నాని, బూజుపట్టి మెత్తబడ్డాక పీతలు, రొయ్యలు దాన్ని కొరుకుతాయి. వాటి పిల్లల కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పారలు. బురద వాసన కొట్టే ఆ నీళ్లే మాకు బువ్వ పెడతాయి.

జంగ్లీఘాట్ జెట్టీలో వంజరం పొట్ట కోస్తే ఒక్కోసారి సగం కరిగిన కవ్వ చేపలు బయటపడతాయి. కవ్వ పొట్టలో అయితే ఆకుపచ్చా గోధుమా కలిసిన జిగురు: నాచూ, దాన్ని తినే నలుసంత పురుగులూ. కడుపునిండా మేసిన కవ్వలతో పెద్ద తంటా. చచ్చాక కూడా అరిగించే రసాలు ఊరుకోవు, చేప పొట్టనే తినేస్తాయి. ఐసు వేయడం కాస్త ఆలస్యమైతే పొట్ట పగిలిపోతుంది. వేలితో నొక్కి చూసి, మెత్తబడినవి ఎరకి, గట్టివి అమ్మకానికి తీస్తాను.

అమెరికాలో రేమండ్ లిండ్‌మన్ అనే కుర్రాడు మిన్నెసోటాలోని ఓ చెరువు మీద పనిచేసి 1942లో, నాచు నుంచి పెద్ద చేప దాకా సాగే ఈ తిండి మెట్ల లెక్కకి దారి వేశాడు. ఆ వ్యాసం అచ్చయ్యేసరికే చనిపోయాడు, ముప్ఫై ఏళ్లు కూడా లేవు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి చేరేది సుమారు పదోవంతే. మిగతాది ఈదడానికి, బతకడానికి ఖర్చయిపోతుంది, రెట్టగా పోతుంది. వెయ్యి కిలోల నాచుకి వంద కిలోల పురుగులు, పది కిలోల కవ్వలు, చివరికి ఒక కిలో వంజరం. కవ్వ నాచుని నేరుగా మేస్తే ఒక మెట్టు కలిసొస్తుంది కాబట్టి ఇది కాకిలెక్కే. వంజరాన్ని తినే సొర దగ్గరికి వస్తే కిలోకి పదివేల కిలోల నాచు. సొరలు ఎప్పుడూ తక్కువే ఉండడానికి ఇదో పెద్ద కారణం. సముద్రపు గడ్డినే మేసే డ్యూగాంగ్, మా దీవుల అధికారిక జంతువు, మధ్య మెట్లు లేకుండానే మూడు నాలుగు వందల కిలోలు పెరుగుతుంది.

ఇప్పుడు కుర్రాళ్లంతా గ్రూపర్ వెంటపడుతున్నారు. చెన్నై మీదుగా విదేశాలకి పోయే సరుకు, ధర బాగా పలుకుతుంది. పైమెట్టు చేప, నెమ్మదిగా పెరుగుతుంది. చాలా రకాల్లో ముందు ఆడగా ఉండి, పెద్దయ్యాకే మగదవుతుంది. పెద్దవాటినే ఏరి పడితే మిగిలేది ఎక్కువగా ఆడవే. ఇదే చెబితే, "మామా, ఐసు డబ్బులు నువ్విస్తావా?" అంటారు. వాళ్ల బాధ వాళ్లది.

2004 డిసెంబరు 26 భూకంపం, సునామీ తర్వాత దక్షిణ అండమాన్ నేల కుంగి సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చేసింది. వరి పండినచోట ఇప్పుడు కొంగలు వేటాడుతున్నాయి. చేపలవాడిగా నాకది చేపపిల్లలకి మంచి నర్సరీలా కనిపిస్తుంది గానీ, పొలం పోగొట్టుకున్నవాళ్ల ముందు ఆ మాట ఎత్తను.