నేనూ, మా బాపూ, ఒక తుక్కు జీపు

ఇంట్లో చెప్పకుండా కొనకూడని వస్తువుల లిస్టు ఒకటి రాస్తే, మొదటి స్థానం చక్రాల్లేని జీపుకివ్వాలి. నేను కొన్నాను. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

జరిగిందేంటంటే, రెండేళ్ళ క్రితం దసరాకి సిద్దిపేట వెళ్ళాను. పొలం గేటుకి పాత పైపులు కావాలని బాపు అంటే, ఊరి బయట పాతినుప సామాన్ల దుకాణానికి పోయా. పైపులు వెతుకుతుంటే తుమ్మచెట్టు కింద, కూలర్ రేకుల కుప్ప వెనకాల, నిలువు గీతల గ్రిల్లు ఒకటి కనబడింది. లెక్కబెట్టా. ఏడు. దాని పైన, మనిషి నుదురులా ఎత్తుగా ఉన్న బానెట్. గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది.

జీపుల పిచ్చి లేనివాళ్ళ కోసం కొంచెం చరిత్ర. (ఉన్నవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు.) రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ 1941 నుంచి జీపులు చేసింది. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పుట్టింది. అందులో మహమ్మద్ గారు దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విడిభాగాలు తెప్పించి బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది వీళ్ళే. ఆ తర్వాత వచ్చిన మోడల్ సీజే-3బీ. దాని హరికేన్ ఇంజన్ నాలుగు సిలిండర్లది, 2.2 లీటర్లు. ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగింది, బానెట్ పైకి లేపాల్సొచ్చింది. అందుకే ఈ బండిని ఎక్కడున్నా నుదురు చూసి గుర్తుపట్టొచ్చు. అమెరికాలో 1968లో ఆపేసినా, మన దగ్గర ఇది తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారైంది.

మా తరం తెలుగువాళ్ళకి మాత్రం ఇది మహీంద్రా జీపు కాదు, సీజే-3బీ కూడా కాదు. "సమితి జీపు". 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులొచ్చాయి. సమితికి బీడీవో, బీడీవోకి జీపు, జీపుకి డ్రైవరు. మా బాపు 1972లో ఆ డ్రైవరు ఉద్యోగంలో చేరాడు. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలొచ్చాయి, బాపుని వేరే ఆఫీసుకి మార్చారు. అంటే పద్నాలుగేళ్ళు జీపు నడిపాడన్నమాట.

నా చిన్నప్పటి జ్ఞాపకాల్లో సగం ఆ జీపులోనే ఉన్నాయి. ఆదివారం పొద్దున బాపు బండి కడగడానికి కోమటిచెరువుకి తీసుకెళ్తే, వెనక అడ్డసీట్లో నేను. కడగడం అయ్యేదాకా నీళ్ళలో ఆట. తిరిగొచ్చేటప్పుడు పెట్రోలు వాసన, ముఖానికి గాలి. బళ్ళో నా స్టేటస్ వేరే లెవెల్. "మా బాపుది జీపు" అని చెప్పుకునేవాణ్ణి. ఆ వాక్యంలో తప్పుందని నాకు చాలా ఏళ్ళదాకా తెలీలేదు.

సరే, దుకాణానికొద్దాం. షేటు అరవై వేలన్నాడు. నలభై అయిదు దగ్గర ఇద్దరం అలిసిపోయాం. కాగితాలేవి అని అడిగితే నవ్వాడు. "సార్, ఇది కిలోల లెక్కన కొన్న ఇనుము. ఇనుముకు కాగితాలుంటాయా?" అతనికి అమ్మినాయన ఎవరో రైతు, చనిపోయాడట. ఆ రైతు ఏదో ప్రభుత్వ ఆఫీసు వేలంలో పాడుకున్నాడని మాత్రం విన్నాడట. నంబర్ ప్లేటు లేదు. ఆ "ప్రభుత్వ ఆఫీసు వేలం" అన్న ముక్క చాలు, నా బుర్ర మిగతా కథ అల్లేసుకుంది. ఇది మా బాపు జీపే! ఎవిడెన్స్ లేకుండా రూట్ కాజ్ రాసేసే జూనియర్ ఇంజనీర్లని నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. ఆ రోజు నేను చేసిందీ అదే.

బండిని డీసీఎం మీదికెక్కించి తెలిసిన మెకానిక్ చాచా షెడ్డుకి పంపా. చాచా చుట్టూ ఒకసారి తిరిగి లిస్టు చెప్పాడు. ఇంజన్ జామ్. ముందు సీటు కింది పెట్రోల్ ట్యాంకు జల్లెడ. ఫ్లోరు రేకు లేదు. ఫోర్ వీల్ వేసే ట్రాన్స్‌ఫర్ కేసు మాత్రం, గేర్ రాడ్ పక్కన రెండు చిన్న రాడ్లతో సహా, చెక్కుచెదరలేదు.

"సాబ్, ఈ ఇంజన్ తీసి పారేద్దాం. డీజిల్ ఇంజన్ పెడతా, పవర్ స్టీరింగ్ పెడతా, మంచి మంచి టైర్లేస్తా. థార్ కూడా పనికిరాదు దీని ముందర."

ఎవరో పదిహేనేళ్ళ కింద రాసిన కోడ్ చేతికొస్తే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఇదే కదండీ. పారేసి కొత్తగా రాద్దాం. నేను ఇరవై అయిదేళ్ళ సర్వీసులో అలా రెండుసార్లు పారేయించా. రెండుసార్లూ, ఆ పాత కోడ్‌లో పిచ్చిగా కనబడిన ప్రతి లైనూ ఏదో ఒక రాత్రి ఎవడో పడ్డ బాధకి గుర్తని తర్వాత తెలిసింది. అందుకే చాచాకి వద్దని చెప్పా. "ఏదుంటే అదే బాగుచెయ్యి. అస్సలు పనికిరాకపోతేనే మార్చు."

చాచా నన్ను పిచ్చోడిలా చూశాడు గానీ పని మొదలుపెట్టాడు. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలో డీజిల్, ఆయిల్ కలిపి పోశాడు. రోజూ ముందు నుంచి హ్యాండిల్ పెట్టి మెల్లగా, బలం చేయకుండా, అటొకసారి ఇటొకసారి కదిపి చూసేవాడు. పన్నెండో రోజు నాకు ఫోన్ చేశాడు. నేను స్టేటస్ కాల్‌లో ఉన్నా. మ్యూట్ పెట్టి ఎత్తా. "సాబ్, కదిలింది." ఒక అంగుళమట. ఆ రోజు మా ప్రాజెక్టు రెడ్‌లో ఉంది, నేను మాత్రం కాల్ అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నా.

తర్వాత ఎనిమిది నెలలు నా జీతం పిస్టన్ రింగులకీ, వాల్వులకీ, కార్బురేటర్‌కీ, రేకు పనికీ పోయింది. మొత్తం మూడు లక్షలు దాటింది. కచ్చితమైన లెక్క రాయను, మా ఆవిడ చదువుతుంది.

మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచనుంటే నా అనుభవంతో ఒక మాట. బండి కంటే ముందు కాగితాలు చూడండి. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల గురించి విడిగా చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటిన, పెద్దగా మార్పులు చేయని, సొంతానికి ఉంచుకున్న బండికి "వీఏ" అక్షరాలతో నంబరిస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి. తర్వాత రెన్యువల్‌కి 5,000. అప్పుడు కూడా ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. డీజిల్ ఇంజన్ వేయించుకుని "ఇది వింటేజ్" అంటే ఒప్పుకోరు. మరి మొదటి రిజిస్ట్రేషన్ ఎప్పుడో చూపించాలంటే ఆర్సీ ఉండాలి కదా? నా దగ్గర లేదు. చాచా అంచనా ప్రకారం బండి 1970ల మొదట్లోది. చాచా అంచనాకి సీలు ఉండదు. కాబట్టి నా జీపు చట్టం దృష్టిలో ఇప్పటికీ ఇనుమే. రోడ్డెక్కదు. ఇక ముందు ఇలాంటి ఆఫీసు బళ్ళు దొరకడం కూడా కష్టమే. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయట్లేదు, అవి వేలంలో రైతుల దగ్గరికి కాకుండా తుక్కు చేసే కేంద్రాలకే పోవాలి.

ఇవన్నీ తెలిసి కూడా బండిని పూర్తి చేశా. ఎందుకంటే నా ప్లాన్ రోడ్డు కాదు, బాపు. మళ్ళీ డీసీఎం ఎక్కించి, టార్పాలిన్ కప్పి, ఊరికి తీసుకుపోయా. సర్‌ప్రైజ్ అన్నమాట. వాకిట్లో దింపి టార్పాలిన్ తీశా. డెబ్బై ఏడేళ్ళ మనిషి, అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టలేదు.

"ఎంత పెట్టినవ్?"

సగం చెప్పా.

"పైసలెక్కువైనయా బిడ్డా?"

సెల్ఫ్ కొడితే బ్యాటరీ ఏడ్చింది. సరే అని స్టైలుగా హ్యాండిల్ తీసి ముందుకెళ్ళి పెట్టా. తిప్పబోతుంటే వెనక నుంచి ఒక్క అరుపు.

"బొటనేలు తియ్! అన్ని ఏళ్ళు ఒక్క దిక్కే పెట్టు. ఎనకకు తంతే ఇరుగుతది!"

నిజమే. ఇంజన్ ఎదురుతంతే హ్యాండిల్ వెనక్కి తిరిగి బొటనవేలు విరగ్గొడుతుందట. యూట్యూబులో యాభై వీడియోలు చూసిన నాకు ఇది తెలీదు. వేలు మార్చి పట్టుకున్నా. మూడోసారికి ఇంజన్ అందుకుంది. నేను విజయగర్వంతో తిరిగి చూశా. బాపు లేచొచ్చి, బండి చుట్టూ తిరిగి, లోపలికి తల పెట్టి డాష్‌బోర్డు కింద చేత్తో తడిమాడు.

"గిది మన బండి కాదు. మన దానికి అగరుబత్తి పెట్టెతందుకు నేను రేకు అతికిచ్చిన. గిండ్ల లేదు."

అంతే. పోయి మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు.

ఆ రాత్రి అన్నాలయ్యాక నేనే కదిపా. నీకు సంతోషంగా లేదా బాపూ అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆయన మాటల్లోనే రాస్తున్నా.

"నువ్వు గప్పుడు చిన్న పోరనివి. ఎండకాలం. సారును తీస్కోని క్యాంపు పోయిన. పగటీలి మన ఊరి మనిషి సైకిలు మీదొచ్చి చెప్పిండు, అవ్వ సచ్చిపోయిందని. సారు బడి వరండల మీటింగుల ఉన్నడు. మీటింగైనంక ఇంకో ఊరికి పోవాలె. మన ఊరి మూల మలుపు కాడికెంచే పోయినం. మల్ల రాత్రి గదే మలుపు కాడికెంచి వచ్చినం. సారును ఇంట్ల దించి, బండి ఆఫీసుల పెట్టి, తాళంచెవి అప్పజెప్పి, సైకిలు మీద వచ్చిన. నేనచ్చెవరకు అంతా అయిపోయింది."

"సార్‌కి చెప్పలేదా?"

"సారు మంచోడే. చెప్తే పొమ్మంటుండె. అడగబుద్ది గాలె. డ్యూటీ బండి గదా అది."

నేనింకేం మాట్లాడలేకపోయా. నాయనమ్మ పోయిన రోజు నాకు లీలగా గుర్తుంది. బాపు లేడన్నది మాత్రం గుర్తు లేదు. ఆ జీపు గురించి నాకున్నవన్నీ చెరువూ, గాలీ, పెట్రోలు వాసనా. అన్నీ వెనక సీటు జ్ఞాపకాలు. నడిపినోడి జ్ఞాపకాలు వేరే ఉంటాయని, యాభై ఏళ్ళకి దగ్గరపడి, మూడు లక్షలు తగలేస్తే గానీ నాకు తెలీలేదు. ఆయన కోసం ఏదో వెనక్కి తెచ్చిస్తున్నా అనుకున్నా. తెచ్చుకుంది నా కోసం. ఆయన్నొక్కమాట అడిగుంటే అయిపోయేది. రిక్వైర్‌మెంట్స్ అడగకుండా డెలివరీ ఇచ్చాను, ఇంకేం చెప్పను.

పొద్దున్నే లేచేసరికి బాపు బండి దగ్గరున్నాడు. తలకి తువ్వాల చుట్టుకుని, రేడియేటర్లో నీళ్ళు చూస్తున్నాడు. "తాళంచెవి ఏది?" అన్నాడు. నడుపుతాడేమో అనుకుని భయంభయంగా ఇచ్చా. చేతిలో రెండుసార్లు తిప్పి చూసి మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నువ్వు నడుపు. బాయి కాడిదాక పోయొద్దాం."

మా వాకిలి వెనక నుంచి బావిదాకా మా పొలం బాటే. రోడ్డు తగలదు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నా. బాపు బండి ముందు నుంచి తిరిగి అటువైపుకి, ఎడమ వైపుకి వెళ్ళాడు. ఒక నిమిషం సీటుని చూస్తూ నిలబడ్డాడు. కంబిని పట్టుకుని మెల్లగా ఎక్కి కూర్చున్నాడు.

"పద్నాలుగేండ్లు నడిపిన గని, గీ సీట్ల ఎన్నడు కూసోలె."

బాట మీద నిన్నటి వాన బురద. ఫోర్ వీల్ రాడ్డు వేసి కదిలించా. జీపు గుంతలో దిగి, కాస్త ఆలోచించి, లేచి ముందుకెళ్ళింది. నాకు చెప్పలేనంత గర్వంగా ఉంది. అటువైపు చూశా. బాపు కాళ్ళు బారజాపుకుని, సారులా వెనక్కి వాలి కూర్చుని, ముందుకే చూస్తున్నాడు.

"రెండో గేరెయ్ రా," అన్నాడు. "బండి ఏడుస్తున్నది."