కొసాక్కు నడుమున శత్రువు వెండి

కుబాన్ కొసాక్కుల డ్యాన్స్ రీల్ ఎప్పుడైనా మీ ఫోన్‌లో కనిపించిందా? నడుం దగ్గర బిగుతుగా ఉండే పొడవాటి కోటు, ఛాతీకి రెండు వైపులా పెన్నులు గుచ్చినట్టు వెండి మూతల వరస, సన్నటి వెండి బెల్టు, దానికి వేలాడే బాకు. ‘భలే ఉందే’ అనుకుని పైకి జరిపేస్తాం. ఈసారి ఒక్క నిమిషం ఆగండి. ఆ డ్రెస్సు కొసాక్కుల ఇంట్లో పుట్టింది కాదు.

దక్షిణ రష్యాలో, కుబాన్ నది ఒడ్డున క్రాస్నోదార్ నగరం ఉంది. 18వ శతాబ్దం చివర్లో నల్ల సముద్రపు కొసాక్కులు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. రష్యా సామ్రాజ్యపు సరిహద్దుకి కాపలా కాయడం వాళ్ల పని. నది అవతల సర్కాసియన్లు. దశాబ్దాల పాటు ఇద్దరికీ పోరాటమే. విచిత్రం ఏంటంటే, అలా కొట్లాడుతూనే కొసాక్కులు అవతలివాళ్ల బట్టలు తొడుక్కున్నారు. కొండల్లో, గుర్రం మీద అవే అనువుగా ఉండేవి మరి. ఆ కోటు పేరు ‘చెర్కెస్కా’, అంటే సర్కాసియన్ కోటు. కత్తి పేరు ‘షాష్కా’. అదీ సర్కాసియన్ మాటే, పెద్ద కత్తి అని అర్థం.

ఛాతీ మీది గొట్టాలని ‘గజీరీ’ అంటారు. ఒక్కో దాంట్లో ఒక్క తూటాకి సరిపడా మందు ముందే కొలిచి పెట్టుకునేవారు. శత్రువు మీదికొస్తుంటే మందు కొలుస్తూ కూర్చోలేరు కదా! 19వ శతాబ్దం చివరికి రెడీమేడ్ తూటాల తుపాకులు రావడంతో గొట్టాలకి పని పోయింది, వెండి మూతలు మాత్రం ఉండిపోయాయి. బెల్టుకి వేలాడే బుల్లి వెండి డబ్బా కూడా సోకు కోసం పెట్టింది కాదు. ఆయుధాలకి పూసే కొవ్వు అందులో ఉండేది.

మరి ఈ వెండిని చెక్కిందెవరు? పేరున్న పనివాళ్లని వెతుక్కుంటూ వెళ్తే దాగెస్తాన్ కొండల్లోని కుబాచి ఊరు వస్తుంది. పారసీకులు దీన్ని ‘జిరిహ్‌గరాన్’ అనేవారు, ఇనుప కవచాలు చేసేవాళ్ల ఊరు అని. ఇక్కడి ముస్లిం కంసాలులు కొందరు వ్లాదికవ్‌కాజ్ లాంటి పట్టణాలకి వెళ్లి దుకాణాలు పెట్టారు. కొసాక్కులూ వాళ్ల ఖాతాదారులే.

వెండి మీద కనిపించే నల్లటి తీగలూ ఆకులూ పెయింట్ అనుకునేరు! ముందు వెండిలో డిజైన్ చెక్కుతారు. వెండి, రాగి, సీసం, గంధకం కలిపి కరిగించి, చల్లారాక పొడి చేసి ఆ గాట్లలో నింపుతారు. కొలిమిలో కాలిస్తే పొడి కరిగి అతుక్కుంటుంది. పైన అరగదీసి మెరుగు పెడితే తెల్లటి వెండిలో నల్లటి లత తేలుతుంది. పాత వస్తువు మీద ‘84’ అనే ముద్ర కనిపిస్తే, 96 పాళ్లలో 84 పాళ్లు వెండి అని లెక్క.

ఇంత అందం వెనక రెండు పెద్ద నష్టాలున్నాయి. 1864లో యుద్ధం ముగిసేసరికి లక్షలాది సర్కాసియన్లు సొంత నేల వదిలి ఒట్టోమన్ సామ్రాజ్యానికి పోవాల్సొచ్చింది. వాళ్ల కోటు మాత్రం గెలిచినవాళ్ల ఒంటిమీద ఇక్కడే ఉండిపోయింది. తర్వాత కొసాక్కుల వంతు వచ్చింది. 1919లో బోల్షెవిక్కులు వాళ్ల మీద అణచివేతకి ఆదేశాలిచ్చారు. 1932-33లో కుబాన్‌ని కరువు కబళించింది. అప్పట్లో ‘టోర్గ్‌సిన్’ అనే సర్కారు దుకాణాలు బంగారం, వెండి తీసుకుని పిండి ఇచ్చేవి. అక్కడ పనితనానికి విలువ లేదు, తూకమే లెక్క. తాతల నాటి వెండి ఇచ్చి ఆ పూట పిల్లల కడుపు నింపుకున్నారు జనం. పాత వెండి సామాను ఇప్పుడు అరుదుగా దొరకడానికి అదీ ఒక కారణం.

కుబాచిలో ఇప్పటికీ వెండి పని నడుస్తోంది. క్రాస్నోదార్‌లో కొసాక్కులు పెరేడ్‌లకి చెర్కెస్కాలు వేసుకుంటూనే ఉన్నారు. ఈసారి ఆ రీల్ కనిపిస్తే డ్యాన్స్‌తో పాటు బెల్టునీ చూడండి. కట్టుకున్నది ఒకరు, చెక్కింది ఇంకొకరు, ఆ కోటుకి పేరిచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఇవాళ ఆ నేల మీదే లేరు.