మా రోలుకి ఉత్తరం ఎటు?

పిల్లలూ, మేం ఈ దేశం వచ్చేటప్పుడు మా అమ్మ నా సూట్‌కేసులో ఒక చిన్న నల్లరాతి రోలు పెట్టింది. దాని బరువు వల్ల రెండు పచ్చడి సీసాలు తీసెయ్యాల్సి వచ్చింది. ఆ కోపం నాకింకా పోలేదు!

మొన్న మా అబ్బాయి ఒక బలమైన చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి రోలు పక్కన వేలాడదీశాడు. అది మెల్లిగా రోలువైపు జరిగింది.

"అమ్మా, రాయిలో ఇనుముందా?"

ఉంది. ఈ రోలు వికారాబాద్ సంతలో కొన్నది. ఆ వైపు దొరికే నల్లరాయి బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల చీలి, లావా, అంటే కరిగిన రాయి, పొరలు పొరలుగా పారి గట్టిపడింది. ఆ పొరల పేరు దక్కన్ ట్రాప్స్. అందులో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం రేణువులుగా ఉంటుంది. రాయి చల్లారి 580 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చాక, ఆ రేణువుల్లో అప్పటి భూమి అయస్కాంత దిశ నిలిచిపోతుంది.

దిశ అంటే ఉత్తరం, దక్షిణమే కాదు, వాలు కూడా. దిక్సూచి ముల్లు పైకీ కిందికీ కూడా తిరగగలిగితే, భూమధ్యరేఖ దగ్గర దాదాపు అడ్డంగా ఉంటుంది, ధ్రువాల దగ్గర దాదాపు నిటారుగా నిలబడుతుంది. కాబట్టి పాత రాయిలో వాలు కొలిస్తే, అది భూమధ్యరేఖకి ఎంత దూరంలో పుట్టిందో లెక్కకట్టొచ్చు.

ఖండాలు కదులుతాయని 1912లో వెగెనర్ చెబితే చాలామంది నమ్మలేదు. 1950ల మొదట్లో కేంబ్రిడ్జిలో టెడ్ ఇర్వింగ్ అనే విద్యార్థి దక్కన్ రాళ్లు తెప్పించుకుని కొలిచాడు. ఇండియా దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చిందని తేలింది. అయినా 1954లో అతని థీసిస్‌ని ఒప్పుకోలేదు! తర్వాత లండన్‌లో బ్లాకెట్ బృందం కొలిచినా అదే తేలింది. ఆ లావా పారినప్పుడు దక్కన్ భూమధ్యరేఖకి దక్షిణాన సుమారు 30 డిగ్రీల దగ్గర ఉండేది. ఇప్పుడు హైదరాబాద్ ఉత్తరాన 17 డిగ్రీల దగ్గరుంది. అంటే 5,000 కిలోమీటర్ల పైమాటే. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది, మీ గోళ్లు పెరిగేదానికన్నా కాస్త ఎక్కువ.

"అయితే మన రోలుని కూడా కొలిపిద్దాం" అన్నాడు మావాడు.

కుదరదు నాన్నా అన్నాను. శాస్త్రవేత్తలు రాయిని కోసే ముందే, ఉత్తరం ఎటుందో, రాయి ఎంత వాలి ఉందో దానిమీదే గుర్తు పెడతారు. మన రోలు చెక్కినాయన ఎందుకు పెడతాడు? దిశ లోపలే ఉంది, కానీ రాయి నేలలో ఎలా ఉండేదో తెలియకపోతే దాన్ని చదవలేం. అమ్మమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడకి సంత గుర్తుంది, బేరమాడింది గుర్తుంది, గని మాత్రం తెలియదు.

మర్నాడు చూస్తే రోలుమీద ఒక టేపుముక్క, దానిమీద బాణం గుర్తు, పక్కన వంకరగా "ఉ" అని అక్షరం. ఇప్పుడు అల్లం దంచిన ప్రతిసారీ రోలుని మళ్లీ ఉత్తరానికి సరిగ్గా తిప్పి పెట్టాలి. లేకపోతే వాడు ఊరుకోడు.